చెన్నై నుంచి అండమాన్‌కి ఓడలో ఒక్కదాన్నే: నా అనుభవం

సముద్రం చూడాలంటే మా చిత్తూరు నుంచి చెన్నై పోవాల్సిందే. మా వైపు ఉండేవి కొండలు, మామిడితోటలు, చెరుకు, బెల్లం. హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉన్నన్నాళ్లూ బోర్డు మీద భారతదేశం గీసి, కుడిపక్కన దూరంగా నాలుగు చుక్కలు పెట్టి, "ఇవి అండమాన్ నికోబార్ దీవులు" అని చెప్పేదాన్ని. తీరానికీ ఆ చుక్కలకీ మధ్య దాదాపు 1,200 కిలోమీటర్ల నీళ్లున్నాయని పుస్తకంలో చదివి చెప్పడమే తప్ప, అన్ని నీళ్లంటే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. రిటైరయ్యాక అది తెలుసుకోవాలని గట్టిగా అనిపించింది. విమానంలో పోతే రెండు గంటల్లో దించేస్తారు. అందుకే ఓడ.

ఒంటరిగా ఎందుకంటే, మా ఆయనకి నీళ్లంటే పడదు, పిల్లలకి సెలవులు దొరకవు. వాళ్ల కోసం ఆగుతూ పోతే నాకు మోకాళ్లు పట్టేసే రోజు వస్తుంది గానీ ప్రయాణం రాదు. "ఒక్కదానివే యాడికి పోతావు మే, అదీ సముద్రం మింద?" అని మా అక్క గొడవ పెట్టుకుంది. ఆమెకి చెప్పని కారణం ఇంకొకటి ఉంది, అసలు కారణం అదే.

మా నాయన వాళ్ల తాతకి ఒక తమ్ముడు ఉండేవాడట. కరువులో కూలి కోసం మద్రాసు పోయి, అక్కడ ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి పోయినాడని, మళ్లీ ఉత్తరం ముక్క కూడా రాలేదని మా అవ్వ చెప్పేది. ఆయన పేరు కూడా ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. మాది ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి చిత్తూరే ముఖ్యపట్టణం. మా జిల్లా 1911లో ఏర్పడింది. నేటాల్‌కి కూలీలను తీసుకుపోయిన మొదటి ఓడ పేరు ట్రూరో. 1860 అక్టోబరులో మద్రాసులో 342 మందిని ఎక్కించుకుని నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా అలా పోయినవాళ్లు లక్షన్నర మందికి పైనే. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లు, అందులోనూ ఉత్తర ఆర్కాటు వాళ్లు చాలామంది. ఓడ లిస్టులో ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ కూడా రాసుకునేవాళ్లు. అంత దూరం నేను పోలేను. కానీ అదే రేవు నుంచి, తీరం కనబడకుండా పోయే దాకా, ఎవరూ తోడు లేకుండా ఒకసారి పోయి చూడాలనుకున్నాను.

ఇక టికెట్ సంగతి. అండమాన్ ఓడలు చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా నుంచి నడుస్తాయి. చెన్నై నుంచే ఎక్కువ, విశాఖ నుంచి బాగా తక్కువ. రైళ్లకి ఉన్నట్టు ఏడాది పొడుగునా ఒకటే టైమ్‌టేబుల్ ఉండదు. షెడ్యూల్ వేసినప్పుడు చూసుకుని త్వరపడాలి. చెన్నైలో రాజాజీ సాలైలో, రేవుకి ఎదురుగానే, టికెట్ల ఆఫీసు ఉంది. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, దాని జిరాక్సులు దగ్గర పెట్టుకుని పోతే పని సులువు. మనవాళ్లు పోర్ట్ బ్లెయిర్ పోవడానికి వేరే పర్మిట్ ఏదీ అక్కర్లేదు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు, ఓడలో మాత్రం అందరూ ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు, నాకూ అదే అలవాటు.

డీలక్స్ క్యాబిన్ నుంచి బంక్ దాకా తరగతులున్నాయి. బంక్ అంటే పెద్ద హాలులో వరసలుగా రెండంతస్తుల పడకలు. దీవుల్లో స్థిరపడిన వాళ్లకి వేరే ధర, మనకి వేరే ధర. మనం కట్టేదైనా బంక్‌కి విమానం టికెట్‌తో పోలిస్తే బాగా తక్కువ. నేను బంక్ తీసుకున్నాను. డబ్బుల కోసం కాదు, నలుగురిలో ఉండొచ్చని. క్యాబిన్ అంటే తలుపు వేసిన గదిలో ఎవరితో పడతామో తెలియదు. హాలులో అందరూ అందరికీ కనబడుతుంటారు. ఆడమనిషి ఒంటరిగా పోయేటప్పుడు అదే నయమని నా లెక్క, అది నిజమే అయింది.

నెల కూడా చూసుకోవాలి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. జూన్ నుంచి నైరుతి గాలికి సముద్రం ఎగిసిపడుతూ ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెమ్మది. నేను సంక్రాంతి పోయాక బయల్దేరాను. అయినా తేదీ కాస్త అటూ ఇటూ అవుతుందని తెలిసి చెన్నైలో చిన్నాన్న కూతురింట్లో ముందే వచ్చి కూర్చున్నాను. అండమాన్‌లో దిగిన రోజుకే హోటలు, తిరుగు విమానం అన్నీ గట్టిగా బుక్ చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఓడ వాతావరణాన్ని బట్టి కదులుతుంది, మన కేలండర్ని బట్టి కాదు.

సామాను గురించి ఒక మాట. ఏసీ హాలు రాత్రిపూట బాగా చలి, అందుకని మందపాటి దుప్పటి తీసుకుపోవాలి. పడక కాలికి బ్యాగు కట్టేయడానికి గొలుసు, తాళం. తువ్వాలు, చిన్న మగ్గు, పవర్ బ్యాంకు. నెట్ ఉండదు కాబట్టి ఫోన్ పేలు పనిచేయవు, చిల్లర నోట్లు ఉండాలి. తినడానికి నేను నిప్పట్లు, బొరుగులు, చెనక్కాయల పొడి, నిమ్మకాయలు పెట్టుకున్నాను. మా అక్క కోపం తగ్గించుకుని పులిహోర కట్టిచ్చింది. కాట్పాడి దాకా బస్సు, అక్కడి నుంచి చెన్నై సెంట్రల్‌కి రైలు. మా ఆయన కాట్పాడి దాకా వచ్చి, బండి కదిలే దాకా ఏమీ మాట్లాడకుండా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

రేవులో సామాను స్కానింగు, టికెట్, కార్డు పరిశీలన అయ్యాక బస్సులో ఓడ పక్కకి తీసుకుపోయారు. అంత దగ్గరగా ఓడని చూడటం అదే మొదలు. తల పూర్తిగా వెనక్కి వాల్చినా పై అంచు అందదు. తెల్ల రంగు కింద వెల్డింగు గీతలు, వాటి మీదుగా కారిన తుప్పు చారలు. తాళ్లు నా తొడంత లావున్నాయి. పక్కన ఒక మిలిటరీ కుర్రాడు నా బ్యాగు అడక్కుండానే అందుకుని వాలు మెట్ల మీదుగా పైదాకా తెచ్చి పెట్టాడు. ఈ దారిలో ఏళ్ల తరబడి తిరిగిన స్వరాజ్ ద్వీప్ ఓడని మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టారు. 1948లో నెహ్రూ నీళ్లలోకి వదిలిన జల ఉష కూడా అక్కడి ఓడే. పిల్లలకి ఇవన్నీ బిట్లుగా నేర్పించాను. ఇనుప మెట్టు మీద కాలు పెట్టినప్పుడు అది బిట్టు కాకుండా పోయింది.

ఓడ కదలడం మనకి తెలియదు. ఇంజన్ల వణుకు అరికాళ్లలో ముందే మొదలవుతుంది, కానీ కదిలింది ఓడ కాదు, ఎదురుగా ఉన్న గోడౌనే పక్కకి జరిగినట్టు ఉంటుంది. రెండు టగ్గు పడవలు మమ్మల్ని పక్కకి లాగి, ముక్కు తిప్పి, రేవు నోటి దాకా తోడొచ్చాయి. రేవు దారి తెలిసిన పైలట్ ఒకాయన అప్పటిదాకా ఓడలోనే ఉంటాడు. అలలు అడ్డుకునే రాతి గోడలు దాటాక చిన్న పడవొకటి పక్కకి చేరింది. పైలట్ తాళ్ల నిచ్చెన మీదుగా దిగి, పడవ పైకి లేచిన క్షణం చూసుకుని అందులోకి అడుగు పెట్టాడు. ఆయన పోయాక ఇక మమ్మల్ని భూమితో కలిపేది ఏమీ లేదు.

ఈ రాతి గోడల్లోని రేవు 1881 నాటిది. అంతకుముందు మద్రాసుకి రేవే లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషుల్ని మసూలా పడవల్లో అలల మీదుగా తీసుకుపోయి ఎక్కించేవాళ్లు. మేకులు లేకుండా, చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టి చేసిన పడవలవి. మేకు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకి విరిగిపోతుంది, కుట్టినదైతే వంగి తట్టుకుంటుంది. ట్రూరో ఎక్కినవాళ్లంతా అట్లాగే పోయుంటారు. చెరువు తప్ప ఎరగని మా ఊళ్ల మనుషులు, ఆ పడవలో మొదటి అల మీదికి లేచినప్పుడే ఎంత భయపడ్డారో. నేను రైలింగు పట్టుకుని, వెనక చెన్నై భవనాలు ఒక్కొక్కటీ కిందికి దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ముందు రోడ్లు పోయాయి, తర్వాత చెట్లు, చివరికి ఎత్తైన భవనాల పైభాగాలు. భూమి గుండ్రంగా ఉందనడానికి ఉదాహరణగా దూరం పోయే ఓడ గురించి ఎన్ని తరగతులకి చెప్పానో. ఇక్కడ ఓడ నేనే, మునిగిపోతున్నది తీరం.

కాసేపటికి ఫోన్లో సిగ్నల్ పోయింది. అంతకుముందే "బయల్దేరాము, అంతా బాగుంది" అని ఇంటికి మెసేజ్ పెట్టేశాను. తర్వాత అలారం మోగించి చూపించారు: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అది వినబడితే లైఫ్ జాకెట్ తీసుకుని మనకి చెప్పిన చోటికి పోవాలి. చాలామంది అలవాటుగా వినీ విననట్టు కూర్చున్నారు. ఒంటరిగా పోయేవాళ్లు దీన్ని శ్రద్ధగా వినాలి. నేను నా పడక నుంచి డెక్కు దాకా దారి రెండుసార్లు నడిచి, మెట్లు లెక్కపెట్టుకున్నాను. చీకట్లో మనల్ని లేపేవాళ్లు ఎవరో తెలియదు కదా.

నా బంక్ కిందిది. గోడ మీద స్టీలు రేకుకి నంబరు, రెక్సిన్ పరుపు, దొర్లిపడకుండా పక్కన చిన్న కడ్డీ, తలవైపు లైఫ్ జాకెట్. ఎదురు పడక మీద ఒక పెద్దావిడ అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చుని తమలపాకులు చదును చేస్తోంది. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే దీవులకి పోయి అక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు. కంటి ఆపరేషను చేయించుకోవడానికి చెన్నై వచ్చి, తిరిగి పోతోంది. "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసినావేటి? మొగోళ్లెవులూ రానేదా?" అని అడిగింది. లేదన్నాను. "పర్లేదులే, నానున్నాను" అని ఒక ఆకు చేతిలో పెట్టింది. అంతే, చివరిదాకా నేను ఆమె మనిషినే. ఆవిడ నన్ను "అప్పా" (వాళ్ల వైపు అప్ప అంటే అక్క) అంటే నేను "అమ్మా" అనేదాన్ని. అండమాన్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు వందలో 13 మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఉత్తరాంధ్ర వాళ్లు. మా హాలులో తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ అన్నీ కలిసి వినబడేవి. చిత్తూరు వాళ్లకి తమిళం ఎలాగూ వచ్చు కాబట్టి నాకు సగం ఓడ తెలిసినవాళ్లే.

తొలి రాత్రి కడుపు తిప్పింది. దాని గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. కళ్లకి గోడలు కదలకుండా కనబడతాయి, చెవి లోపలి సమతూకం చూసే భాగానికి మాత్రం ఊగుతున్నట్టు తెలుస్తుంది. ఆ రెండు కబుర్లకీ పొంతన కుదరకపోయేసరికి మెదడు తికమకపడి వాంతి వస్తుంది. మా డాక్టరు చెప్పినట్టు అవోమిన్ మాత్ర బయల్దేరకముందే వేసుకున్నాను. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదట, బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగే వేసుకోవాలి. ఓడ ముక్కు, తోక దగ్గర ఊపు ఎక్కువ, నడిమధ్యలో, కింది అంతస్తులో తక్కువ. పడుకోవడానికి అదే మంచి చోటు. మెలకువగా ఉంటే డెక్కు మీదికి పోయి ఆకాశం, నీళ్లు కలిసే గీతనే చూడాలి. ఆ గీత కదలదు, కంటికీ చెవికీ అక్కడ రాజీ కుదురుతుంది. ఖాళీ కడుపు పనికిరాదు. పెద్దావిడ నా చేతిలో నిమ్మకాయ పెట్టి, గోరుతో గిల్లి వాసన చూడమంది. బొరుగులు కొంచెం కొంచెంగా నములుతూ పడుకున్నాను. తెల్లారేసరికి ఒళ్లు ఓడ ఊపుకి అలవాటు పడిపోయింది.

భోజనం క్యాంటీన్లో. అన్నం, పప్పు, కూర, గుడ్డు, చపాతీ. మామూలుగా ఉంటుంది. చెనక్కాయల పొడి పక్కన పెట్టుకుంటే హాయిగా తినొచ్చు. స్నానాలకి తెల్లవారక ముందే లేచిపోతే క్యూ ఉండదు.

రెండో రోజు డెక్కు మీదికి పోయాక నాకు నోట మాట రాలేదు. ఎటు చూసినా నీళ్లే అని అందరూ అనే మాటే, కానీ చూస్తే వేరు. చెన్నై దగ్గర మురికి ఆకుపచ్చగా ఉన్న నీళ్లు ఇక్కడ చిక్కటి సిరా నీలంగా మారాయి. ఓడ పక్కన నురగ విరిగిన చోట మాత్రం లేత నీలం ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. ఉన్నట్టుండి నీళ్లలోంచి వెండి రంగు చేపలు పదీ ఇరవై ఒకేసారి లేచి, రెక్కలు చాపి, అలల మీదుగా బాగా దూరం జారుతూ పోయి మళ్లీ మునిగాయి. ఎగిరే చేపలు. ఓడ చప్పుడుకి బెదిరి లేస్తాయి. నా పక్కనున్న చంటిపిల్ల ప్రతిసారీ చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో జీపీఎస్ పనిచేస్తుంది, ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలకి టవరు అక్కర్లేదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి, ఇనుప గోడల లోపల కాకుండా డెక్కు మీద నిలబడాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అక్షాంశం, రేఖాంశం రాసుకునేదాన్ని. మ్యాపు తెరిస్తే తెరంతా నీలం, మధ్యలో నేనొక చుక్క. ఎంత పెద్దది చేసినా, ఎంత చిన్నది చేసినా నీలమే. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు. మా హార్స్‌లీ కొండని అందులో దించి, దాని మీద ఇంకో హార్స్‌లీ కొండని పెట్టినా పైకి తేలదు. అడుగున ఉన్నది గంగ, బ్రహ్మపుత్ర తెచ్చి పోసిన ఒండ్రు. హిమాలయాల మట్టి దక్షిణానికి 3,000 కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంది, ప్రపంచంలో సముద్రం అడుగున ఇంత పెద్ద ఒండ్రు మేట ఇంకెక్కడా లేదు. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆ మట్టి కింద ఒక పర్వతశ్రేణి పూడిపోయి ఉంది. ఉత్తర దక్షిణాలుగా 5,000 కిలోమీటర్లు సాగే శ్రేణి అది. ఫోన్లో 89 పోయి 90 వచ్చినప్పుడు నేను రైలింగు దగ్గరే ఉన్నాను. కింద కనబడేదేమీ లేదు, అయినా ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ మ్యాపులో వేలు పెట్టి చూపించిన గీత మీద నిలబడటం అందరికీ జరగదు.

ఒంటరితనం గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అది ఉంటుంది, కానీ మనం అనుకునే చోట ఉండదు. హాలులో మనుషుల మధ్య లేదు. రాత్రిపూట మెలకువ వచ్చినప్పుడూ లేదు. అది వచ్చింది రెండో రోజు మధ్యాహ్నం, ఎండలో, అందరూ నిద్రపోతున్నప్పుడు. ఇంట్లో ఇప్పుడు ఏదైనా జరిగినా నాకు తెలియదు, నాకేదైనా జరిగినా వాళ్లకి తెలియదు అనిపించింది. ఓడ మధ్యలో ఆగదు, నేను దిగలేను. గుండెలో బరువు కూర్చుంది. మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అప్పుడే నేటాల్ పోయినాయన గుర్తుకొచ్చాడు. ట్రూరో డర్బన్ చేరడానికి నెలకి పైనే పట్టింది. నాకు ఏ రోజు దిగుతానో తెలుసు, చేతిలో ఫోను, బ్యాగులో డబ్బు, తిరిగి రావడానికి దారి ఉన్నాయి. ఆయనకి తాను ఎక్కడికి పోతున్నదీ ఎంత దూరమో కూడా ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మా ఇంట్లో ఆయన గురించి "పోయినాడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టేశారు. పోవడం అంటే ఇది, ఒక్కొక్క గంటా ఇలా గడవడం. అది తెలియకుండానే ఆ కథ చెప్పుకున్నాం మేము. లేచి కిందికి పోయేసరికి పెద్దావిడ నా ముఖం చూసి ఏమీ అడక్కుండా టీ తెప్పించింది.

ఆ రాత్రి ఒక క్లీనర్ కుర్రాడు పిలిచి, దీపాలు లేని వైపు తీసుకుపోయి కిందికి చూడమన్నాడు. ఓడ చీల్చుకుపోయే నీళ్ల అంచున పచ్చనీలం మెరుపులు పుట్టి ఆరిపోతున్నాయి. నీళ్లు కదిలితే వెలిగే అతిసూక్ష్మమైన ప్రాణులవి, ఒక్కొక్కటి కంటికి కనబడదు, లక్షల్లో ఉంటే ఇలా. పైన నక్షత్రాలు, కింద అవి. నలుగురైదుగురు ఆడవాళ్లం చేరి చాలాసేపు చూశాం.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. గడియారం మార్చుకోవాల్సిన పని లేదు, దేశమంతా ఒకటే టైము. కానీ చిత్తూరుకీ పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య పదమూడున్నర డిగ్రీల రేఖాంశం తేడా. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు అక్కడ మనకన్నా దాదాపు గంట ముందే వస్తాడు. ఓడ కదిలేకొద్దీ అది రోజూ కనబడుతుంది. మొదటి పొద్దున ఆరు దాటాక తెల్లారింది, చివరి రోజు ఐదున్నర దాటేసరికే సూర్యుడు నీళ్లలోంచి లేస్తున్నాడు. సాయంత్రం ఐదున్నరకే చీకటి. తరగతిలో ఇది ఎంత చెప్పినా పిల్లలకి ఎక్కేది కాదు.

పోర్ట్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌కి తూర్పు ఒడ్డున ఉంది. కాబట్టి చెన్నై ఓడ దీవి దక్షిణ కొస చుట్టి, రట్‌లండ్ దీవికీ లిటిల్ అండమాన్‌కీ మధ్య ఉన్న డంకన్ పాసేజ్ గుండా అటువైపుకి పోవాలి. ఎడమవైపు కొండలు కనబడగానే డెక్కంతా జనం. మన కొండల్లా రాళ్లు తేలి ఉండవు, నీళ్ల అంచు దాకా అడవే. అన్ని రోజుల నీలం తర్వాత ఆ పచ్చదనం కళ్లలోకి దూసుకొచ్చింది. భూమి వాసన కూడా వచ్చింది, తడి ఆకుల వాసన. రేవు దగ్గర రాస్ దీవి, ఇప్పుడు నేతాజీ పేరు పెట్టారు, దానికి ఎదురుగా నార్త్ బే లైట్‌హౌస్. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్ల మధ్య ఉండేది అదే. ఫోన్లో సిగ్నల్ వచ్చేసరికి మా ఆయన ఫోన్, అక్క ఫోన్, ఒకదాని మీద ఒకటి. హాడో రేవులో ఓడ కట్టాక పెద్దావిడ కొడుకు వచ్చి ఇద్దరి సామానూ ఆటోలో పెట్టాడు. ఆ పూట భోజనం వాళ్లింట్లోనే, చేపల పులుసు, అన్నం.

సెల్యులార్ జైలు గురించి ఎక్కువ రాయను, అది వేరే కథ. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు వరసలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు వెంట పోరాడిన గాం మల్లుదొరని అండమాన్ పంపారు. ఆయన ప్రాణాలతో తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఖైదీల్ని తెచ్చిన ఓడ పేరు మహారాజా. ఓడలో రాకుండా విమానంలో దిగి ఉంటే ఆ గదుల్ని చూసి బాధపడేదాన్నే. కానీ గదికి ముందే, వాళ్లని సగం చంపి ఉండేది ఈ నీళ్లేనని ఓడలో వచ్చాకే అర్థమైంది.

తిరిగి విమానంలో వచ్చాను, మా ఆయనకిచ్చిన మాట అది. కిటికీలోంచి కింద నీళ్లు ఒకటే రంగులో ఉన్నాయి. చేపలు లేవు, నురగ లేదు.

మా స్కూల్లో చిన్న టీచరమ్మ ఒకావిడ నా నోటుపుస్తకం చూసి తనూ ఒక్కతే పోతానంటోంది. వాళ్లింట్లో ఒప్పుకోవడం లేదు. నేను పోయి వాళ్ల అత్తగారితో మాట్లాడొచ్చాను. ఓడలో డాక్టరు ఉంటాడని, బంక్‌లో అందరి ఎదుటే పడుకుంటామని, దారి మధ్యలో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉండరని చెప్పాను. రైల్లో రాత్రిపూట ఏ స్టేషన్లో ఎవరు ఎక్కుతారో తెలియదు, ఓడలో బయల్దేరినప్పుడు ఉన్న ముఖాలే చివరిదాకా. ఆ మాట ఆమెకి బాగా పట్టింది. వేసవి సెలవుల్లో పోతానంటే వద్దన్నాను, తుపాన్ల కాలం. సంక్రాంతి సెలవులకి ఇంకొన్ని రోజులు కలుపుకుని పొమ్మని చెప్పాను. గొలుసు, తాళం, దుప్పటి నా దగ్గరే ఉన్నాయి, పోయేటప్పుడు తీసుకుపోతుంది.